మా అమ్మ రాసిన జొన్నల లెక్క

2023 సంక్రాంతి సెలవుల్లో నేను ఊరికి పోయింది గోడ పని మీద. అమ్మ పోయినప్పటి నుంచి ఇల్లు తాళం వేసే ఉంది. వెనక గోడ వానలకు నాని ఒరిగిందని, పక్కవాళ్ల కోళ్ల గూటి మీద పడేలా ఉందని పూణెలో ఉండే మా తమ్ముడికి ఫోన్ వచ్చింది. వాడు నాకు చేశాడు. నల్గొండలో ఉండేదాన్ని, బడికి సెలవులున్నదాన్ని నేనే కదా. గోడ దించాలంటే ముందు దానికి ఆనించి ఉన్న సామాను తీయాలి. అట్లా అమ్మ సందూక బయటికొచ్చింది.

మాది దేవరకొండకు పదిహేను కిలోమీటర్ల అవతల చిన్న ఊరు. పత్తి, ఆముదం, కంది. బోరు పడ్డవాళ్లకు బత్తాయి. సందూకలో ఏముంటుందో నాకు తెలుసనుకున్నాను. అమ్మ పెళ్లిచీర, నాన్న కళ్లజోడు, అట్ట ఊడిన బైబిలు, మా ఇద్దరి మార్కుల కాగితాలు. అన్నీ ఉన్నాయి. వాటికి అడుగున, పాత దుప్పటి కింద, గోనెదారంతో కుట్టిన పొడుగు నోటుపుస్తకాలు నాలుగు కనబడ్డాయి. నాలుగింటి అట్టల మీదా ఒకటే మాట, అమ్మ చేతిరాతలో: బుధవారం.

అప్పటికి నేను ప్రార్థన మానేసి ఏడాదిన్నర దాటింది. మానేశానంటే గుడికి పోవడం మానలేదు. ఆదివారం చీర కట్టుకుని, కానుక కవరు పర్సులో పెట్టుకుని, పిల్లలతో పాటు పోయి మూడో వరసలో కూర్చునేదాన్ని. కళ్లు మూసుకోగానే సోమవారం టైంటేబుల్ కనబడేది. ఎనిమిదో తరగతికి బీజగణితం, తొమ్మిదికి త్రికోణాలు. అందరూ ఆమేన్ అంటే నేనూ అనేదాన్ని. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. మా ఆయన కూడా అడగలేదు. అడిగినా ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఎప్పుడు మొదలైందో మాత్రం బాగా తెలుసు. 2021 మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. ఆ నెలాఖరులో అమ్మ పోయింది. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా, మనవాళ్లా కాదా అని చూడకుండా, పోయి గిన్నెలు తోమడానికి కూర్చునే మనిషి. అలాంటిదాన్ని సాగనంపడానికి మేం తొమ్మిది మందిమి. అందరూ దూరం దూరంగా నిలబడ్డారు. పాస్టర్ అయ్యగారు మాస్కులోంచి చదివిన వాక్యం సగం వినబడలేదు. పాట ఎత్తుకోవడానికి గొంతులు లేవు. నేను ఫోన్‌లో ఒక కీర్తన పెట్టాను. రెండో చరణం మధ్యలో యాడ్ వచ్చింది. దాన్ని ఆపడానికి గ్లౌజు వేసుకున్న వేలితో తడుముకుంటున్నాను, స్క్రీన్ పనిచేయదు. ఆ యాడ్ దేనిదో ఇప్పటికీ గుర్తుంది, ఇక్కడ రాయను.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక సభలో బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు, విశ్వాసం గట్టిగా ఉన్న ఇంటి గడప ఆ జబ్బు తొక్కలేదని మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికొచ్చి చెప్పులు వెతుక్కున్నాను. వాదించలేదు. ఆ మనిషికి మా అమ్మ గురించి ఏం తెలుసు అనిపించింది. అంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి వెనకే వచ్చింది: నాకు మాత్రం ఏం తెలుసు?

గోడ దించే మనుషులు మధ్యాహ్నం అన్నానికి పోయినప్పుడు అరుగు మీద కూర్చుని ఆ పుస్తకాలు తెరిచాను.

నేను లెక్కల టీచర్ని. అంకెలున్న కాగితం కనబడితే ముందు కింద మొత్తం సరిపోయిందా లేదా చూస్తాను, ఆ తర్వాతే అదేమిటో చదువుతాను. ఇక్కడ అంకెలు తక్కువ, అక్షరాలు ఎక్కువ. పేజీకో నెల. ఎడమ పక్కన ఇరవై ఆరు పేర్లు, అన్నీ ఆడవాళ్లవే. పైన తేదీలు, అన్నీ బుధవారాలే. గడుల్లో గి, సో, త. గిద్దెడు, సోలెడు, తవ్వెడు. కింద మొత్తం మానికల్లో. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇరవై అయిదేళ్లుగా పిల్లలకు దశాంశాలు చెప్పే నేను వేళ్ల మీద లెక్కబెట్టుకుంటూ దీన్ని మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇది పిడికిలి లెక్క. మా సంఘంలో ప్రతి ఆడమనిషి పొయ్యి మీద ఎసరు పెట్టేముందు కొలిచిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. వారం గింజలు బుధవారం కూటానికి తెచ్చి డబ్బాలో పోసేవాళ్లు. అయ్యగారి ఇంటి పొయ్యికి కొంత, బాలింత ఉన్న ఇంటికి కొంత, కన్వెన్షన్ సభలకు వచ్చేవాళ్ల భోజనాలకు కొంత. కొలిచేది కుట్టుమిషను చిన్నమ్మ, రాసేది అమ్మ. మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివింది కాబట్టి ఆ పని అమ్మకు పడింది.

మొదటి రెండు పుస్తకాల్లో ప్రతి పేజీ పైనా 'జొన్నలు' అని ఉంది. 1983 వేసవి దాటాక ఒక్కో గడిలో 'బి' మొదలైంది. ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత సగం మంది. 1986కల్లా పైన జొన్నలు అన్న మాటే పోయింది. ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది 1983లోనే. మా వాడలో రోజూ అన్నం వండుకోవడం అప్పటి నుంచే. అంతకుముందు వరి అన్నం అంటే క్రిస్మస్, ఈస్టర్, పెళ్లిళ్లు. చరిత్ర పాఠంలో ఒక లైనులో అయిపోయే సంగతి అమ్మ గడుల్లో మూడేళ్లు పట్టింది.

ఇంకొకటి కూడా కనబడింది. కొన్ని గడుల్లో 'వ' అని రాసి చుట్టూ సున్న చుట్టి ఉంది. వలస. మాకూ పాలమూరుకూ ఉన్న పాత చుట్టరికం అది. దీపావళి దాటితే ఇళ్లకు తాళాలు పడేవి. బొంబాయి, పూణె. ఉగాదికో, వానలకో తిరిగొచ్చేవాళ్లు. కానీ ఆ సున్న పక్కనే 'సో' అని కూడా ఉంది. తాళం వేసిన ఇంటి నుంచి సోలెడు జొన్నలు ఎట్లా వచ్చాయి? నాకు అర్థం కాలేదు.

నా పేరు కోసం కూడా వెతికాను, దాచడమెందుకు. లేదు. పొయ్యి ఉన్నవాళ్ల పేర్లే రాశారు, నేను అప్పటికి పిల్లను.

సాయంత్రం పుస్తకాలు సంచిలో పెట్టుకుని నల్గొండ బస్సెక్కాను. కొండమల్లేపల్లి దాటేదాకా ఆ పేర్లు చదువుతూనే ఉన్నాను. చదువుతుంటే బుధవారాలు వచ్చాయి.

కూటం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. వాకిలి అలికి, గోనెసంచులు పరిచి, మధ్యలో కందిలి పెట్టేవాళ్లు. గాజు చిమ్నీ తుడవడం నా పని. బూడిదతో తుడిస్తే గీతలు పడతాయని చిన్నమ్మ పాత పంచె గుడ్డ ఇచ్చేది. కందిలి వెలుగు మోకాళ్ల దాకానే వచ్చేది. అందుకే నా యాదిలో ఆ మనుషుల ముఖాల కంటే కాళ్లూ చేతులూ ఎక్కువున్నాయి. కంజీర వాయించే చెయ్యి, పగిలిన మడమలు, నిద్రపోతున్న పిల్ల తల మీద జోకొడుతున్న అరచెయ్యి. పాట మొదలుపెట్టేది ఒకరు, శ్రుతి తప్పేది అందరూ. చదువొచ్చినవాళ్లు ఒక్కో పాదం ముందు చెబితే రానివాళ్లు వెనక అందుకునేవాళ్లు. అట్లా ఒక్కో కీర్తన అరగంట.

తర్వాత సాక్ష్యాలు. "సంఘానికి వందనాలు" అని మొదలుపెట్టి గొర్ల తాత ప్రతి బుధవారం అదే సాక్ష్యం చెప్పేవాడు. వాగు పొంగిన రాత్రి, అవతలి గట్టున మంద, నీళ్లలో నడుము దాకా దిగి యేసయ్యా అని కేక పెట్టడం, ముందు నడిచే పొట్టేలు తనంతట తాను ఈత కొట్టుకుంటూ రావడం, దాని వెనక మంద రావడం. పిల్లలం పెదవులు కదిలిస్తూ ఆయనతో పాటే చెప్పేవాళ్లం. ఒక వారం గొర్రెలు నలభై, ఇంకో వారం అరవై. నేను లెక్క పట్టుకుని అడిగితే, "ఆ రాత్రి లెక్కబెట్టే తీరిక ఎవనికుండె బిడ్డా" అన్నాడు. ఆయనకు చదువు రాదు. 'యెహోవా నా కాపరి' అనే ఇరవైమూడో కీర్తన మాత్రం నోటికొచ్చు. దాని మీద ఎవరైనా పెద్ద ప్రసంగం చేస్తే మధ్యలో అడ్డుపడేవాడు: "రాసినాయన గొర్లు కాసినోడు. నువ్వు కాసినవా?"

చివర్లో బెల్లం ముక్క, పుట్నాలు. అప్పుడు కొలత. పసుపు రంగు మీద చెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బా. చిన్నమ్మ గింజలు సోలలో పోసి, అరచేత్తో మట్టంగా తోసేది. అంచు మీద మిగిలిన గింజలు తెచ్చినవాళ్ల కొంగులోనే మళ్లీ పడేవి. "దేవునికి కొలత సరిగుండాలె, మీ పిల్లలకు గూడ సరిగుండాలె" అనేది. జొన్నలు రేకు డబ్బాలో పడే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బియ్యం చప్పుడు వేరు, మెత్తగా ఉంటుంది.

ఇంటికొచ్చాక ఒక నిర్ణయం తీసుకున్నాను. రోజూ రాత్రి ప్రార్థన చేసే వేళకు ఒక పేరు తీసుకుని ఆ మనిషి గురించి గుర్తున్నది ఒక పేజీ రాయాలి. ప్రార్థన రాదు, కనీసం రాత వస్తుంది. ఇరవై ఆరు పేర్లు, ఇరవై ఆరు రోజులు. సిలబస్ పూర్తిచేసే పద్ధతి, మాకు అలవాటే.

నెమ్మది దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. మొదటి మూడు వారాలు పరిస్థితి ముందుకన్నా పాడైంది. రాసేకొద్దీ కోపం వచ్చింది. వీళ్లందరూ ఉండి ఉంటే అమ్మ శవపెట్టె దగ్గర ఫోన్‌లో పాట పెట్టాల్సి వచ్చేదా? వీళ్లలో ముప్పావు మంది సమాధుల్లో ఉన్నారు. నేనేమో కొత్త సౌండ్ సిస్టమ్ ఉన్న గుడిలో మూడో వరసలో ఎవరి పేరూ తెలియకుండా కూర్చుంటున్నాను. పాత రోజులు తలుచుకుంటే బలం వస్తుందని అందరూ తేలిగ్గా అంటారు. ముందు వచ్చేది బలం కాదు.

ఆ రోజుల్లోనే నలభై రెండో కీర్తన చూశాను. దుప్పి నీటివాగుల కోసం తపించే కీర్తన అని సండే స్కూల్లో బొమ్మ వేసి రంగులు దిద్దాం. నాలుగో వచనం ఎప్పుడూ సరిగ్గా చదవలేదు. ఆ పాడేవాడు గుడికి దూరంగా ఎక్కడో ఉన్నాడు. పండుగ చేసుకునే జనంతో కలిసి తాను దేవుని మందిరానికి నడిచిన రోజులు తలుచుకుంటున్నాడు. తలుచుకుంటే ఏమైంది? ప్రాణం కరిగిపోయింది. ఉపశమనం రాలేదు, ఏడుపొచ్చింది. కోరహు కుమారుల పేరున ఉన్న కీర్తన అది. నీవెందుకు కుంగిపోతున్నావని తన ప్రాణాన్ని తానే అడగడం ఆ కీర్తనలో రెండుసార్లు, తర్వాతి కీర్తనలో ఇంకోసారి వస్తుంది. మూడుసార్లు అడగాల్సి వచ్చిందంటే మొదటిసారికి జవాబు రాలేదన్నమాటే. నాకది చాలా ఊరటనిచ్చింది. బైబిల్లో నాలాంటి కేసు ఒకటుంది.

ఇంకో చిక్కు. రాస్తూ పోతే అన్నీ తియ్యటి యాదులే రావు. సంఘ పెద్దల ఎన్నికలప్పుడు రెండు గుంపులై గుడికి రెండు తాళాలు వేసిన సంవత్సరం గుర్తొచ్చింది. ఆ మూడు నెలలు మేం చింతచెట్టు కింద ఆరాధన చేశాం. మాల, మాదిగ అన్న తేడా కూడా చెప్పుల్లా గుమ్మం బయట విడిచి రాలేదు ఎవరూ. ఎవరి గోనెసంచి ఎక్కడ పరవాలో చెప్పకుండానే అందరికీ తెలిసేది. ఒకామె పేరు రాయబోతే ఆమె మా అమ్మతో ఏడేళ్లు మాట్లాడలేదని గుర్తొచ్చింది, చేనుగట్టు గొడవ. పుస్తకం తీసి చూశాను. ఆ ఏడేళ్లూ ఆమె గడి నిండే ఉంది. అమ్మ రాసింది, ఆమె తెచ్చింది. ఇద్దరి మధ్యా మాటలు లేవు, సోలెడు జొన్నలున్నాయి. ఆ పేజీ రాసిన రాత్రి మొదటిసారి కాస్త నవ్వొచ్చింది.

ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 9న. అంతకు ముందు రోజు శనివారం ఊరికి పోయాను. పేర్లలో బతికున్నవాళ్లు నలుగురని తేలింది. ముగ్గురు ఊళ్లోనే ఉన్నారు. కుట్టుమిషను చిన్నమ్మ కూతురి దగ్గర మహబూబ్‌నగర్‌లో ఉంది. ముగ్గురిలో పెద్దావిడ మా పెద్దవ్వ, నాన్నకు మేనత్త. ఎనభై దాటింది. ఆమె పేరు రాయను, రాస్తే "నన్నెందుకు పేపరుకెక్కించినవ్" అని తిడుతుంది.

పెద్దవ్వ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చూపు తగ్గింది, వేళ్లతో తడిమి తీస్తోంది.

"ఎన్నొద్దులకు యాదికొచ్చినం బిడ్డా. దా, కూసో."

పుస్తకం చూపించాను. చూడలేదు గానీ అట్ట మీద చెయ్యి వేసి రుద్దింది. 'వ' గడుల సంగతి అడిగాను. తాళం వేసిన ఇళ్ల జొన్నలు ఎక్కడివని.

"ఎక్కడియేంది? పోయెటోళ్లు పక్కింటోళ్లకు చెప్పి పోతుండె. మా పిడికిలి మీరెయ్యిన్రి అని. నేను బొంబాయి పోయిన రెండేండ్లు మీ అమ్మనే వేసింది నా పేరు మీద. మీ అమ్మ కాన్పుకు పుట్టింటికి పోతే నేనేసిన. పొయ్యి సల్లగున్నా పేరు సల్లవడొద్దు గదా."

నేను చింతపండు ఒక ముద్ద అందుకుని గింజలు తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి, ఎట్లా వచ్చిందో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. "అవ్వా, నాకు ప్రార్థన వస్తలేదు. అమ్మ పోయినప్పటి నుంచి."

ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. చేటలో చెయ్యి ఆడుతూనే ఉంది.

"రాకపోతే రాకపాయె. నీ పిడికిలి మేమేస్తం తియ్. నువ్వు వచ్చినంక మళ్లెయ్యి."

అంతే. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయలేదు, వాక్యం చెప్పలేదు. "గింజ వదిలినవ్ సూడు" అని నేను వేసిన చింతపండులోంచి ఒకటి ఏరి బయట పడేసింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి సమాధుల దగ్గర సూర్యోదయ ఆరాధన. కొవ్వొత్తులు, బంతిపూలు, సున్నం వేసిన సిలువలు. అమ్మ సమాధి దగ్గర నిలబడ్డాను. నాకేమీ అనిపించలేదని నిజం చెప్పాలి. కాకపోతే అందరూ పాడుతుంటే, నా వంతు వీళ్లు పాడుతున్నారనుకున్నాను. అలా అనుకుని నిలబడడానికి కాళ్లు మొరాయించలేదు.

వలస అన్న మాట ఆ తర్వాత నన్ను వదల్లేదు. మా ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లూ ఆ బాపతే. మెన్నోనైట్లనే క్రైస్తవ శాఖవాళ్లు హాలెండ్ నుంచి ప్రష్యాకు, ప్రష్యా నుంచి రష్యాకు, 1870లలో రష్యా నుంచి అమెరికాకు, పట్టుకున్న విశ్వాసం కోసం ఊళ్లు మారుతూ పోయినవాళ్లు. రష్యా మెన్నోనైట్ దంపతులు నల్గొండలో దిగింది 1890 ప్రాంతంలో. అమెరికా నుంచి మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు 1899లో హైదరాబాద్ మలక్‌పేటకు వచ్చారు. అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల, నారాయణపేట దాకా పని సాగింది. చిన్నప్పుడు ఇవన్నీ గుడి వార్షికోత్సవంలో చదివితే ఆవులించేవాళ్లం. ఇల్లు వదిలి తిరిగినవాళ్లు వచ్చి ఇల్లు వదిలి తిరిగేవాళ్లకు గుడి కట్టారన్న ఆలోచన నాకు యాభై ఏళ్ల దగ్గరపడ్డాక వచ్చింది.

ఫోన్ కూటం ఆలోచన మా తమ్ముడిది. నేను పేర్లు రాసిన పేజీలు ఫోటో తీసి పంపితే వాడు పూణె నుంచి, "అక్కా, బుధవారం అందర్నీ కాన్ఫరెన్స్‌లో కలుపు" అన్నాడు. జూన్‌లో మొదలుపెట్టాం. ఊళ్లో ముగ్గురు ఒకే ఫోన్ దగ్గర, మహబూబ్‌నగర్‌లో చిన్నమ్మ, పూణెలో తమ్ముడు, గొర్ల తాత మనవరాలు హైదరాబాద్‌లో. రాత్రి ఎనిమిదింటికి. మొదటి వారమంతా "వినబడుతుందా" తోనే సరిపోయింది. పెద్దవ్వ ఫోన్‌ను తిరగేసి పట్టుకుని స్పీకరులోకి ప్రార్థన చేసింది. పాట అసలు కుదరదు. ఒక్కొక్కరి గొంతు ఒక్కో క్షణం ఆలస్యంగా వస్తుంది. పెద్దవ్వ మాత్రం, "మనమెప్పుడు కలిసి పాడినం గనుక" అంది.

నేను ప్రార్థన చేయనని ముందే చెప్పాను. అయితే నువ్వు పుస్తకం చదువు అన్నారు. అట్లా నా పని హాజరు పిలవడం అయింది. ఇరవై ఆరు పేర్లు వరసగా చదవాలి. బతికున్నవాళ్లు "ఉన్న" అంటారు. పోయినవాళ్ల పేరొస్తే ఎవరో ఒకరు ఒక మాట చెబుతారు. ఈమె నాకు నవ్వారు మంచం ఇచ్చింది. ఈమె కన్వెన్షన్‌లో పప్పు మాడగొట్టింది. ఈమె బాప్తిస్మానికి మోటబావిలో దిగి భయంతో అయ్యగారినే ముంచబోయింది. ఆఖరి పేరు అమ్మది, పుస్తకం రాసింది కాబట్టి తనను తాను చివర్లో రాసుకుంది. అమ్మ పేరు చదివాక నేను ఫోన్ మ్యూట్‌లో పెట్టుకునేదాన్ని. మిగతా ప్రార్థన వాళ్లు చేసుకునేవాళ్లు.

అట్లా నాలుగు నెలలు. బడిలో పని ఎక్కువైన వారం నాకు విసుగొచ్చింది కూడా. ఒక వారం ఎగ్గొట్టాను. మరుసటి వారం పెద్దవ్వ, "పోయిన బుధవారం నీది నేనేసిన" అంది, రేషన్ కార్డు మీద వేలిముద్ర వేసినంత మామూలుగా.

అక్టోబర్‌లో ఒక బుధవారం. మా బడిలో ఏడో తరగతి పిల్ల, ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల కూతురు, వారం నుంచి రావడం లేదు. మధ్యాహ్నం పోయి చూస్తే బట్టీ దగ్గర వాళ్ల గుడిసె ఖాళీ. ఎక్కడికి పోయారో ఎవరూ చెప్పలేదు. రిజిస్టర్‌లో ఆ పిల్ల గడిలో వరసగా సున్నలు పెడుతూ వచ్చాను కదా, అది తలలో తిరుగుతోంది. రాత్రి హాజరు చదివాను. అమ్మ పేరు వచ్చింది. చదివాను. మ్యూట్ నొక్కాలి. నొక్కకుండా ఆ పిల్ల పేరు చదివాను. అటు పక్క నిశ్శబ్దం. ఎవరీమె అని ఎవరూ అడగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను, ఆ పిల్ల గుణకారం బాగా చేస్తుందని, తెలుగు ఒత్తులు పలకదని, ఎక్కడుందో తెలియదని. ఎవరికి చెబుతున్నానో నడుమ ఎక్కడో మారింది. కళ్లు మూసుకునే ఉన్నాను, టైంటేబుల్ కనబడలేదు.

ఆగాక తమ్ముడు ఆమేన్ అన్నాడు. పెద్దవ్వ మాత్రం, "ఆ, నీ పిడికిలి నీకు ముట్టింది ఇగ. నేను మోయలేను" అంది.

ఆ తర్వాత అంతా సాఫీగా ఉందని కాదు. కొన్ని వారాలు ఇప్పటికీ పొడిగానే పోతాయి. ఆ ప్రసంగీకుడి మీద కోపం పూర్తిగా పోలేదు, పోగొట్టుకోవాలని పెద్దగా ప్రయత్నించడమూ లేదు. కానీ వంటింట్లో స్టీలు డబ్బా ఒకటి విడిగా పెట్టాను. కుక్కర్ పెట్టేముందు పిడికెడు. మా అమ్మాయి మొదట్లో కొలత కప్పు తెచ్చి ఇచ్చింది, పిడికిలైతే ఒక్కోసారి ఒక్కోలా వస్తుందని. నెలకోసారి డబ్బా బట్టీ దగ్గర గుడిసెలకు పోతుంది. ఆ పిల్ల తిరిగి రాలేదు. ఆ పేరు మాత్రం హాజరులో ఇరవై ఏడోది.

2024 ఈస్టర్, మార్చి 31. మళ్లీ సమాధుల దగ్గర నిలబడ్డాం. పాట ఎవరు ఎత్తుకోవాలని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే నేనే ఎత్తుకున్నాను. శ్రుతి ఎక్కువైంది, రెండో పాదానికే గొంతు చాల్లేదు. చిన్నమ్మ మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది ఆ రోజు. కింది స్థాయిలో అందుకుని నన్ను ఒడ్డున పడేసింది.

ఒక్క సంగతి మాత్రం నా బుర్రలో మిగిలిపోయింది. 1986 మే నెల పేజీ. అమ్మ వేసిన మొత్తం 18 మానికల ఒక తవ్వ. నేను ఎన్నిసార్లు కూడినా 18 మానికల ఒక తవ్వ ఒక సోల వస్తోంది. సోలెడు తేడా. మిగతా నెలలన్నీ సరిపోయాయి, ఇదొక్కటే లేదు. దీని వెనక ఏదో కథ ఉండి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. ఎవరింటికో రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా అమ్మ తీసుకుపోయి ఇచ్చి ఉంటుందని, ఎవరి పరువు కాపాడడానికో లెక్కలో రాయకుండా వదిలేసి ఉంటుందని అనుకున్నాను. ఈస్టర్ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవ్వనూ చిన్నమ్మనూ కూర్చోబెట్టి అడిగాను. ఆ మే నెల, ఆ సోలెడు.

ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చిన్నమ్మ వేళ్లు కూడా మడిచింది.

"ఎలుకలు తిన్నయేమో" అంది చివరికి.

పెద్దవ్వ తల అడ్డంగా ఊపింది. "ఎలుకలు గాదు ఏం గాదు. మీ అమ్మకు కూడికలు రాకుండె బిడ్డా."